కడుపులో బిడ్డ గుండె చూసే మెషిన్‌కి లైసెన్స్: అల్లుడికి మావయ్య ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు తయారుచేసిన మెషిన్ వీడియో చూశాను, డబ్బా చిన్నగా బాగుంది, బ్యాటరీ మీద నడవడం ఇంకా బాగుంది, మన ఒడిశా గజపతి జిల్లా కొండల్లో కరెంటు సంగతి తెలిసిందే కదా. కానీ వచ్చే నెల్లో మోహన వైపు ఆశా దీదీలకి ఇచ్చేసి వాడించేస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు. ఇన్నేళ్లు వైజాగ్‌లో క్వాలిటీ పని చేసినోడిగా చెప్తున్నా.

ముందు ఒక కాగితం తీసి ఈ మెషిన్ దేనికి, ఎవరు వాడాలి, ఎన్నో నెల నుంచి అన్నది రాయి, ఇంటెండెడ్ యూజ్ అంటారే, అదే. గుండె చప్పుడు వినిపించి రేటు చూపించడం వేరు, నొప్పులప్పుడు గంటల తరబడి గ్రాఫ్ తీసి బిడ్డకి ఇబ్బందిగా ఉందని చెప్పడం వేరు. నువ్వు రెండూ అంటున్నావు. ఎంత ఎక్కువ చెప్పుకుంటే అంత రుజువు అడుగుతారు, రిస్క్‌ని బట్టి మెషిన్‌కి ఇచ్చే క్లాస్ (తక్కువ రిస్క్ ఏ, ఎక్కువ రిస్క్ డీ) కూడా మారిపోవచ్చు.

2017 మెడికల్ డివైజ్ రూల్స్ ప్రకారం ఏ, బీ క్లాసులకి రాష్ట్రం దగ్గర ఎండీ-3 అనే ఫారం పెడితే ఎండీ-5 లైసెన్స్ వస్తుంది, సీ, డీ అయితే ఢిల్లీలో సీడీఎస్‌సీఓకి, అంటే మందులు, మెషిన్ల మీద కేంద్రం పెట్టిన సంస్థకి ఎండీ-7, వచ్చేది ఎండీ-9. నీది ఏ క్లాసో వాళ్ల వెబ్‌సైట్లో లిస్టు ఉంది, నువ్వే చూసుకో, ఏజెంట్ల మాట నమ్మకు. రాష్ట్రం అంటే ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం, పర్లాకిమిడిలో పెడితే ఒడిశా, వైజాగ్ మెడ్‌టెక్ జోన్‌లో పెడితే ఆంధ్రా. టెస్టింగ్ కోసం చేసే శాంపిల్స్‌కి కూడా ముందు ఎండీ-12 పెట్టి ఎండీ-13 తీసుకోవాలి.

అసలు నా భయం వేరే. నీ మెషిన్‌లో ఉండే డాప్లర్‌కి, అంటే శబ్ద తరంగాలు పంపి కదలికని పట్టేదానికి, కదిలేది ఏదైనా ఒకటే, తల్లిదో బిడ్డదో దానికేం తెలుసు. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160. నొప్పులు పడుతున్న తల్లి నాడి కూడా 120 దాకా పోవచ్చు, కడుపు మీద పెట్టే ప్రోబ్ కాస్త పక్కకి జరిగిందంటే తల్లి నాడినే పట్టుకుని స్క్రీన్ మీద 118 అని పచ్చగా చూపిస్తుంది, లోపల బిడ్డ ప్రాణం పోయినా సరే. ఇంకోటి, బిడ్డ గుండె 70కి పడిపోయినప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కో దెబ్బనీ రెండుగా లెక్కేసి 140 చూపించొచ్చు. అక్కడ డాక్టర్ ఉండడు, ఆ అంకె చూసే ఆశా దీదీ బండి పిలవాలో వద్దో తేల్చుకుంటుంది. అందుకే తల్లి వేలికి కూడా పల్స్ ప్రోబ్ పెట్టి, రెండు రేట్లూ ఒకటైతే వార్నింగ్ వచ్చేలా చెయ్యి, సిగ్నల్ బాగోకపోతే అసలు అంకే చూపించకు. మెషిన్ వల్ల వచ్చే ప్రమాదాల్ని లెక్కగట్టే ఐఎస్ఓ 14971 ప్రమాణం ప్రకారం రాసే రిస్క్ ఫైల్లో మొట్టమొదట ఇదే ఉండాలి. బిడ్డ గుండెలా కొట్టుకునే సిమ్యులేటర్ మీద రేటు 60 నుంచి 210 దాకా తిప్పి చూడు, తేడా వచ్చినవి దాచకుండా రాయి.

అమెరికాలో ఇలాంటి మెషిన్‌కి 510కే అనే అక్కడి అమ్మకం అనుమతి వచ్చింది కాబట్టి మనదీ అయిపోతుందన్నావు, ఆ కాగితం ఇక్కడ లైసెన్స్ కాదురా. మన దేశంలో అప్పటికే అప్రూవ్ అయిన అలాంటి మెషిన్ చూపించి పోల్చాలి, లేకపోతే కొత్త రకం కింద ఎండీ-22 పెట్టి క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌కి పర్మిషన్ తీసుకోవాలి. ఏదైనా సరే, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా, ఆ తల్లికి తన భాషలో చెప్పి ఒప్పించకుండా ఎవరి కడుపు మీదా ప్రోబ్ పెట్టకు. మన కొండల్లోని సవర గిరిజన ఆడాళ్లు ఏదీ అడగరు కదా అని సంతకం పెట్టించేయడం పాపం.

ఇంటెండెడ్ యూజ్ కాగితం బేగి రాసి పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను. మాన్యువల్ ఒడియాలో, బొమ్మలతో మొదలెట్టు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య