ఆయన కావాలని చేయడం లేదమ్మా

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 44 ఏళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. తప్పులు ఎక్కువయ్యాయని మాన్పించేశారు. ఆ తర్వాత చేతులు వాటంతట అవే కదలడం మొదలైంది. విశాఖపట్నంలో రక్తపరీక్ష చేసి హంటింగ్టన్ జబ్బని చెప్పారు. మా మావయ్య కూడా ఇలాగే తూలుతూ తిరిగి చనిపోయారు, అందరూ తాగుడే అనుకున్నారు. స్నానం చేయమంటే ఈయన కదలరు. అడిగిందే పదిసార్లు అడుగుతారు, విసుక్కుంటే గిన్నెలు విసిరేస్తారు. పైగా ‘నాకేం జబ్బు లేదు’ అంటారు. నన్ను సాధించడానికే చేస్తున్నారా? మాది మేనరికం. ‘తమ్ముడి కూతుర్ని తెచ్చుకుని తప్పు చేశాను’ అని మా అత్త ఏడుస్తోంది. మా అమ్మాయికి 19 ఏళ్లు, సంబంధాలు వస్తున్నాయి. తనకు టెస్ట్ చేయించాలా?

జవాబు: అమ్మా, ఆయన మిమ్మల్ని సాధించడం లేదు. హంటింగ్టన్ అనేది మెదడును దెబ్బతీసే, వంశంలో వచ్చే జబ్బు. చేతుల కదలిక కంటికి కనిపిస్తుంది కాబట్టి జబ్బంతా అదే అనుకుంటాం. పని మొదలుపెట్టడం, వరసగా చేసుకుపోవడం, ఒక ఆలోచన వదిలి ఇంకోదానికి మారడం కూడా ఈ జబ్బుతో దెబ్బతింటాయి. చాలామందిలో ఇది కదలికల కంటే ఏళ్ల ముందే మొదలవుతుంది. ఫ్యాక్టరీలో లెక్కలు తప్పింది బహుశా అందుకే. అప్పుడు ఆయన ఎన్ని మాటలు పడ్డారో!

‘స్నానం చేయండి’ అని చెప్పి మీ పనిలోకి వెళ్లిపోతే ఆయన అక్కడే కూర్చుంటారు. తువ్వాలు చేతికిచ్చి, ‘నీళ్లు తోడాను, రండి’ అని పక్కన నడవండి. మొదలైతే మిగతాది చాలావరకు తానే చేసుకోవచ్చు. రోజూ ఒకే వేళకు పెట్టుకుంటే ఇంకా తేలిక.

జ్ఞాపకం సంగతి కూడా అంతే. మనుషుల్ని, జరిగినవాటిని ఆయన మరిచిపోయారనుకోకండి. లోపల ఉన్న మాట బయటికి రావడమే కష్టం. ‘మధ్యాహ్నం ఏం తిన్నారు?’ అంటే తడుముకునే మనిషి, ‘చేపల పులుసా, పప్పా?’ అంటే చెప్పగలరు. అడిగాక కాసేపు ఆగండి. జవాబు రాలేదని వెంటనే మళ్లీ అడిగితే ఆయన మొదటికి రావాలి, చిరాకు అక్కడే పుడుతుంది. ‘రేపు శ్రీకాకుళం వెళ్దాం’ అని ముందురోజే చెబితే రాత్రంతా అదే పట్టుకుంటారు. బయల్దేరే ముందు చెప్పండి.

‘నాకేం జబ్బు లేదు’ అన్నది కూడా అబద్ధం కాదు. తనలో వచ్చిన మార్పు తనకే తెలియకుండా పోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. రిపోర్టులు చూపించి వాదించకండి. ‘చేతులు ఇబ్బంది పెడుతున్నాయి కదా, మందు అడుగుదాం’ అంటే వస్తారు. గిన్నెలు విసిరినప్పుడు ఎదురు చెప్పకుండా పక్క గదిలోకి వెళ్లండి. ఆ ముందు ఏం జరిగింది, ఆకలి వేసిందా, టీవీ మోతా, ఎవరైనా తొందరపెట్టారా అని గమనించి రాసుకోండి. అది డాక్టరుకు పనికొస్తుంది. జబ్బును నయం చేసే మందు ఇంకా లేదు గానీ కోపానికి, దిగులుకు మందులున్నాయి. ఈ జబ్బులో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. చావు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోకండి, అదే రోజు డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆయన బండి నడుపుతున్నారా? ఆ సంగతి డాక్టరు చేతే చెప్పించండి, మీరు చెబితే మీ మీద కోపం పెట్టుకుంటారు.

మీ అత్తకు ఈ మాట ఈరోజే చెప్పండి: మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. 4వ క్రోమోజోము మీద ఉన్న ఒక జన్యువులో లోపం ఇది, 1993లో కనిపెట్టారు. తల్లి, తండ్రి ఇద్దరిలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ మావయ్య నుంచే వచ్చి ఉండాలి. మీరు బయటి పిల్లయినా మీ ఆయనకు వచ్చేదే. అంత దుఃఖాన్ని ఆమె ఊరికే మోస్తోంది.

మీ అమ్మాయికి వచ్చే అవకాశం సగం. టెస్ట్ మాత్రం మీరు చేయించేది కాదు, తాను కోరుకుంటే చేయించుకునేది. పెళ్లివారు అడిగినా సరే. జబ్బు రాకుండా ఆపే మందు లేనప్పుడు, తెలుసుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు, వద్దనుకునేవాళ్లూ ఉంటారు. రెండూ న్యాయమే. టెస్టుకు ముందు జన్యు సలహా ఇచ్చే నిపుణుడితో తను విడిగా మాట్లాడాలి. అప్పటిదాకా సంబంధాలు ఆపండి, తొందరేముంది? తండ్రి జబ్బు గురించి అబ్బాయికి చెప్పకుండా పెళ్లి చేయడం మంచిది కాదని నా అభిప్రాయం. ఎప్పుడు, ఎలా చెప్పాలో మాత్రం మీ అమ్మాయే నిర్ణయించుకోవాలి. ఈ మాట ఎలా ఎత్తాలో తోచకపోతే, ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు తననూ తీసుకెళ్లండి, అడగాల్సినవి డాక్టర్ని తానే అడుగుతుంది. మీ ఆయన తోబుట్టువులకు కూడా కబురు చెప్పాలి, వాళ్లకూ ఇదే ప్రశ్న ఉంది.