ఎనిమిదేళ్ల రాణికి ఆపరేషన్: పైసలు ఎప్పుడు, ఎక్కడి నుంచి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, మా ఆయన డీసీఎం నడుపుతారు. ఇద్దరిదీ కలిపి నెలకు 34,000 వస్తుంది. ఇంటి ఖర్చు 25,000, రెండు లక్షల చిట్టీకి 5,000 పోతుంది. బ్యాంకులో 46,000 ఉన్నాయి. మా కుక్క రాణి ల్యాబ్ క్రాస్, ఎనిమిదేళ్లు. దసరాకు ఎదకు వచ్చింది. ఇకనైనా గర్భసంచి తీసేయించమని ఇక్కడి డాక్టరు అంటున్నారు. ఆపరేషన్‌కు 9,000, ముందు పరీక్షలకు 2,500 అట. ముసలిదానికి కోత ఎందుకని మా అత్తమ్మ. మా చుట్టాల కుక్కకు గర్భసంచిలో చీము పట్టి హైదరాబాద్ తీసుకెళితే 38,000 అయింది. మా ఆయనేమో ఉన్నదాంట్లో 30,000 పెట్టి పాపకు బంగారం కొందామంటున్నారు. ఇప్పుడే చేయించాలా, రోగం వస్తే అప్పుడు చూసుకోవాలా?

జవాబు: అమ్మా, ముందు బంగారం సంగతి తేల్చుకుందాం. సంక్రాంతి దాకా ఆ 46,000లో రూపాయి కదిలించకండి. పాప బంగారం గురించి మీ ఆయన ఆలోచన తప్పు కాదు, ఈ రెండు మూడు నెలలకే అది కుదరదు. కారణం రాణి ఎదకు రావడమే.

చుట్టాల కుక్కకు వచ్చిన జబ్బును డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఆపరేషన్ కాని ఆడకుక్కకు ఎద అయిపోయాక నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఇది ఎక్కువగా వస్తుంది. ఎదకు వచ్చినప్పుడల్లా గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది కాబట్టి, వయసు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. స్వీడన్‌లో బీమా చేసిన కుక్కల లెక్కలు చూస్తే, పదేళ్లు వచ్చేసరికి దాదాపు ప్రతి నాలుగు ఆడకుక్కల్లో ఒకదానికి ఇది వచ్చింది. మా ఇంట్లోనూ ఒక కుక్క ఉండేది. ఊరికే నీళ్లు తాగుతుంటే మహబూబ్‌నగర్ ఎండలకు దాహం అనుకున్నాం. మూడో రోజుకు లేవలేకపోయింది, దవాఖానకు చేరేలోపే పోయింది. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నాలుగింట ఒక వంతు అన్న లెక్కను, పైసల సలహాలు చెప్పే మా వృత్తిలో వాళ్లు వెంటనే రూపాయల్లోకి మారుస్తారు. 38,000లో నాలుగో వంతు 9,500. ఆపరేషన్‌కు, పరీక్షలకు కలిపి అయ్యేది 11,500. అంటే ఆగడమే లాభమని కాగితం చెబుతుంది. మీ ఇంటికి ఆ లెక్క పనికిరాదు. మీ గడపకు సగటు ఖర్చు రాదు, వస్తే మొత్తం 38,000 ఒక్క రాత్రే వస్తుంది. బంగారం కొన్నాక చేతిలో మిగిలేది 16,000. తక్కువపడే 22,000ను ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీయే నెలకు 660. లేదా ఆ బంగారాన్నే కుదువ పెట్టాలి, కొన్నప్పటి తరుగు, మజూరీ ఎలాగూ పోయినట్టే. ఇంకో దారి చిట్టీ. అవసరంలో పాడేవాళ్లు ఎంతకు వదులుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ చేసినా రాణి బతుకుతుందన్న హామీ లేదు.

అత్తమ్మగారి భయంలో నిజం లేకపోలేదు. మత్తు ప్రమాదమే. బ్రిటన్‌లో దాదాపు లక్ష కుక్కలను గమనించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్నవాటిలో మత్తు వల్ల చనిపోయినవి దాదాపు రెండు వేలల్లో ఒకటి. జబ్బుపడ్డాక మత్తు ఇచ్చినవాటిలో డెబ్బై అయిదింటికి ఒకటి. అక్కడి సౌకర్యాలు వేరు, మన దగ్గర అంకెలు అలాగే ఉంటాయనను. కానీ ఈ తేడా చూపించండి ఆమెకు. రోగం వచ్చాక చూద్దామంటే కోత తప్పదు, అదే కోత జబ్బు ఒంటి మీద పడుతుంది. ఎనిమిదేళ్లన్న అంకె కంటే కిడ్నీలు, కాలేయం, గుండె ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. అందుకే ఆ 2,500 పరీక్షలను మాత్రం మిగుల్చుకోవాలని చూడకండి. మొత్తం ఖర్చులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అదే.

ఇంకోటి కూడా చెప్పాలి. చిన్న వయసులోనే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది, ఎనిమిదేళ్లకు ఆ లాభం పెద్దగా ఉండదు. ఆ ఆశతో చేయించకండి. అయితే పొట్ట కింద రొమ్ముల రెండు వరుసలూ వేళ్లతో తడిమి చూడండి. బఠాణీ గింజంత గడ్డ తగిలినా డాక్టరుకు చెప్పండి. వీలైతే రెండూ ఒకే మత్తులో తీస్తారు, ఒక ఖర్చు తప్పుతుంది.

ఎదలో ఉన్నప్పుడు, అయిపోయిన కొత్తలో గర్భసంచికి రక్తం ఎక్కువ పారుతుంటుంది. రెండు మూడు నెలలు ఆగి చేయడం మంచిదంటారు డాక్టర్లు. దసరా నుంచి లెక్కేస్తే సంక్రాంతి. నల్గొండ ఎండలు ముదరకముందే కుట్లు ఆరిపోతాయి. మీకు నెలకు మిగిలేది 4,000. నవంబర్, డిసెంబర్, జనవరి కలిపితే 12,000. రాణి ఒళ్లు సిద్ధమయ్యేసరికి మీ పైసలూ సిద్ధం, బ్యాంకులో ఉన్నది ముట్టుకునే పనే లేదు. ఆ 4,000ను నెల మొదట్లోనే వేరే ఖాతాలో వేయండి, మిగిలితే వేద్దామనుకుంటే మిగలదు. 46,000 మాత్రం ఎప్పుడంటే అప్పుడు తీయగలిగేలా ఉండాలి. నిజానికి మీ ఇంటికి మూడు నెలల ఖర్చు, చిట్టీతో కలిపి 90,000, పక్కన ఉండాలి. మీ దగ్గర ఉన్నది అందులో సగం. డీసీఎం ఒక నెల ఆగిపోయినా దాని మీదే బతకాలి.

మున్సిపాలిటీ వాళ్లు వీధికుక్కలకు ఉచితంగా చేస్తారు కదా అని ఎవరైనా అనవచ్చు. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపుడు కుక్క ఆపరేషన్ బాధ్యత యజమానిదే. కుక్కలకు బీమా ఉంది గానీ సాధారణంగా ఈ ఆపరేషన్‌కు వర్తించదు, ఈ వయసులో కొత్తగా తీసుకోవడమూ కష్టం. నల్గొండలోని ప్రభుత్వ పశువైద్యశాలలో ఒకసారి అడగండి. పరీక్షల్లో ఏదైనా తేడా కనిపిస్తే, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దవాఖానలో చూపించకుండా కోతకు ఒప్పుకోకండి. మీ డాక్టరును కూడా అడగండి: మత్తులో ఉన్నంతసేపూ గుండె, ఊపిరి ఎవరు చూస్తుంటారు? సెలైన్ పెడతారా? నొప్పికి మందు ఎన్ని రోజులు? ఇంత వయసున్న కుక్కలకు ఎన్నింటికి చేశారు? సూటిగా జవాబిచ్చే డాక్టరయితే 9,000 ఎక్కువ కాదు.

పరీక్షలు చూసి వద్దంటే మానేయండి, అది కూడా సరైన నిర్ణయమే. అప్పుడు మిగతా 9,500ను ఇంటి ఖర్చులో కలపకుండా రాణి పేరుతోనే ఉంచి, ప్రతి ఎద తర్వాత రెండు నెలలు కళ్లు తెరుచుకుని ఉండండి. ఈ నవంబర్, డిసెంబర్‌లలోనూ అంతే. ఎక్కువ నీళ్లు తాగుతున్నా, తిండి మానేసినా, మూత్రం దారిలో చీము కారినా, పొట్ట ఉబ్బినా తెల్లారేదాకా ఆగకండి. చీము బయటికి రాకుండా లోపలే నిలిచిపోయే రకం ఇంకా ప్రమాదం. ఆ రోజు సంక్రాంతి లెక్క పక్కన పెట్టి, బ్యాంకులో ఉన్నది తీసుకుని అప్పటికప్పుడు బయలుదేరండి.