పడవకి ముందు నీళ్లు పట్టించు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. "అన్నయ్యా, వీడు ఇంటీరియర్స్ పని తగ్గించుకుని కాటేదాన్‌లో షెడ్డు అద్దెకి తీసుకున్నాడట, పాత నావలు బాగుచేస్తాడట, నువ్వైనా చెప్పు" అంది. మానెయ్యమని చెప్పాలో, బాగా చెయ్యమని చెప్పాలో అది మాత్రం చెప్పలేదు. తనకే తెలియదు పాపం. ఓ నిమిషం ఏడ్చింది, మరో నిమిషం "మా నాన్న పని మళ్లీ నా కొడుకు పట్టుకున్నాడు" అని పొంగిపోయింది.

తర్వాత నువ్వు పంపిన ఫొటోలు నాకు పంపింది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. మూడో ఫొటోలో నావ ముక్కు దగ్గర పలక తిరిగిన వంపు చూడగానే నా వేలు అక్కడే ఆగిపోయింది. తాళ్లరేవులో మా నాన్న చెక్క చెక్కే బాడిసతో ఆ వంపు తీయడం ఎన్నిసార్లు చూశానో. ఆ నావ ఎవరు కట్టారో నాకు తెలియదు కానీ మనవైపు చెయ్యే అయి ఉంటుందని అనిపించింది. చాలా సంతోషమేసింది రా. మన ఇంట్లో ఇక ఎవరూ బాడిస పట్టరనే అనుకున్నాను.

అదే ఫొటోలో నీ వెనక మూలన రెండు వస్తువులు కనిపించాయి. ఒకటి గట్టిపడే ఎపాక్సీ పుట్టీ డబ్బా. రెండోది ఫైబర్ మ్యాట్ చుట్ట. అవి చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం అందుకే.

మామూలు విషయాలు నీకు తెలిసే ఉంటాయి కాబట్టి గబగబా చెప్పేస్తాను. షెడ్డు అగ్రిమెంట్ రాతపూర్వకంగా చేయించుకో. టేకు ఎక్కడ కొన్నా బిల్లూ పర్మిట్ కాగితమూ లేకుండా బండి ఎక్కించకు. పాత రంగు గీకేటప్పుడు మాస్క్ పెట్టుకో, పాత రంగుల్లో సీసం ఉంటుంది. చదరపు అడుగుల (ఎస్‌ఎఫ్‌టీ) లెక్కన రేటు చెప్పకు, ఇది వార్డ్‌రోబ్ పని కాదు. పలక విప్పేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు, రోజు కూలి లెక్కనే మాట్లాడుకో.

చెక్క పరీక్ష గురించి మాత్రం కొంచెం చెప్పాలి. నావ మొత్తం సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్లు. బాగున్న చోట మోత ఖంగుమంటుంది, పుచ్చిన చోట తలగడ మీద కొట్టినట్టు ఉంటుంది. అలాంటి చోట సుద్దతో గుర్తు పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు. వాన నీళ్లు నిలిచే మూలల్లో, ముక్కు లోపల, వెనక చుక్కాని దగ్గర ఎక్కువ చూడు. ఉప్పునీటిలో తిరిగినన్నాళ్లూ ఆ ఉప్పే చెక్కని కుళ్లకుండా కొంతవరకు కాపాడుతుంది, కుళ్లబెట్టేది వాన నీళ్లే. అయితే ఉప్పునీటిలో పురుగు ఉంటుంది. బయట గుండుసూది బెజ్జమంతే కనిపిస్తుంది, లోపల వేలు దూరేంత సొరంగం, దాని గోడలకి సున్నం పూసినట్టు తెల్లటి పొర. నీ రెండో నావ కోరంగి ఉప్పు కాలవల్లో తిరిగిందని మీ అమ్మ చెప్పింది కదా, దాని అడుగు పలకలు అద్దం పెట్టి చూడు. బెజ్జాలు కనిపిస్తే ఆ పలక మీద మొహమాటం వద్దు, తీసెయ్.

ఇనుప మేకుల చుట్టూ చెక్క నల్లబడి పొడిపొడిగా రాలుతుంటే అక్కడ మళ్లీ మేకు నిలవదు. ముక్క వేసి రాగి మేకు కొట్టి లోపలివైపు వచ్చిన మొనని రాగి వాషర్ మీద అణచు. రాగి కొట్టిన చోట పక్కనే ఇనుము వదలకు, రెండూ కలిసి తడిస్తే ఇనుము తొందరగా పోతుంది.

ఇప్పుడు ఆ పుట్టీ డబ్బా సంగతి. దీన్ని నిదానంగా చదువు. నేను ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పని విషయం ఇది.

1996 నవంబరు 6 తుఫానులో మా నాన్న షెడ్డు, అందులో సగం కట్టిన నావ రెండూ పోయాయి. అప్పటికే ఒడ్డున ఫైబర్ పడవలు ఎక్కువవుతున్నాయి. నాన్న మళ్లీ షెడ్డు వేసే ఓపిక లేదన్నారు. నేను హైదరాబాద్ వచ్చి తలుపులు, సోఫా ఫ్రేములు చేసుకుంటూ బతికాను. మూడో ఏట, నేను పడవల వడ్రంగినని ఎవరో చెబితే, ఊరి చివర చెరువు పక్కన ఫాంహౌస్ ఉన్న ఒకాయన నన్ను పిలిపించారు. ఆయన దగ్గర గోదావరి నుంచి లారీలో తెప్పించిన పాత పడవ ఉంది. రెండు ఎండాకాలాలు రేకుల షెడ్డు కింద పడి ఉంది. దాన్ని చూసి నాకు పోయిన ఊరు తిరిగొచ్చినట్టు అయింది. రేటు కూడా మాట్లాడలేదు, ఒప్పేసుకున్నాను.

మే నెల. పడవ కింద వెల్లకిలా పడుకుని చూస్తే పలకల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా కనిపించేది. ఊళ్లో అయితే నాన్న ఏం చేసేవారో నాకు తెలుసు. ఎండిన నావని ముందు కాలవ బురదలోకి తోసి కొన్ని రోజులు అలాగే వదిలేసేవారు. అది తాగాల్సినంత నీరు తాగి సందులు మూసుకున్నాకే దాని మీద చెయ్యి వేసేవారు. కానీ అక్కడ గాలే తడిగా ఉంటుంది, ఇంత ఎండిపోయిన పడవని నేను జన్మలో చూడలేదు. హైదరాబాద్ మే నెలలో తడి తువాలు ఆరేసి టీ తాగి వచ్చేలోపు ఎండిపోతుంది. చెక్క పరిస్థితీ అంతే. పైగా ఆయన కూతురి పుట్టినరోజుకి పడవ నీళ్లలో ఉండాలన్నారు, పది రోజులే టైము. నీళ్లు పట్టించాలి, ఇంకో నెల కావాలి అని నేను చెప్పాలి. చెప్పలేదు. పని చెయ్యి దాటిపోతుందని భయపడ్డాను.

సందుల్లో నూలు పట్టినంత దట్టించాను. దాని మీద రాయిలా గట్టిపడే పుట్టీ నింపి, సాండ్‌పేపర్ పట్టి, నీలం రంగు వేశాను. అద్దంలా ఉంది. చుట్టుపక్కల వాళ్లు వచ్చి చెయ్యి పెట్టి నిమిరి చూశారు. పుట్టినరోజు బాగా జరిగింది. ఆ పిల్ల ఒడ్డు దగ్గరే పడవలో కూర్చుని ఫొటో దిగింది. మూడో రోజు సాయంత్రం పడవలోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చింది. సర్దుకుంటోందిలే అనుకున్నాను.

అది సర్దుకోవడం కాదు రా. లెక్క వేసి చూడు. ఆరంగుళాల టేకు పలక ఎముకలా ఎండిపోయి ఉండి మళ్లీ నీళ్లలో పడితే అడ్డంగా రెండు మిల్లీమీటర్లు సులువుగా ఉబ్బుతుంది, ఇంకా ఎక్కువే ఉబ్బొచ్చు. పొడవు మాత్రం దాదాపు పెరగదు. ఒక పక్క తొమ్మిది పలకలుంటే పద్దెనిమిది మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళానికి దగ్గర. ఆ ఉబ్బు కోసమే సందు ఉంటుంది. నేను ఆ సందుల్లో రాయి పెట్టాను. పలకలకి వెళ్లడానికి చోటు లేక పడవ పక్కటెముకల్ని, అంటే లోపల పలకల్ని పట్టి ఉంచే వంపు కొయ్యల్ని తోశాయి, మేకుల తలలు ఊడదీశాయి.

నాలుగో రోజు ఉదయం నేనూ, నా దగ్గర హెల్పర్‌గా ఉన్న పాలమూరు కుర్రాడూ కలిసి పడవని చెరువు మధ్యకి తీసుకెళ్లాం, చప్పుడు ఎక్కణ్నించి వస్తోందో చూద్దామని. పదిహేడేళ్లవాడు. లోతు నీళ్లంటే తెలియదు, ఈత రాదు. ఆ విషయం నేను అడగనే లేదు. నడిమధ్యలో పడవ పక్కటెముక ఒకటి ఫట్‌మని విరిగింది, అడుగు పలక ఒకటి తన్నుకుని లేచింది. నీళ్లు ఎలా వచ్చాయో చెప్పలేను, చీలమండ దాకా అనుకునేలోపు మోకాలి దాకా వచ్చాయి. వాడు నా మెడ పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తుంది చిన్నా, ఇక్కడ, ఎడమ చెవి కింద. ఊపిరి ఆడక ఇద్దరం మునిగాం. ఎలాగో వాడి చెయ్యి విడిపించి, చొక్కా కాలర్ పట్టుకుని తుంగ దాకా ఈడ్చుకొచ్చాను. మే ఎండలో వాడు వణికిపోతూ కూర్చున్నాడు.

ఆయనకి నేను నిజం చెప్పలేదు. చెక్క ముందే పుచ్చిపోయి ఉందండీ అన్నాను. ఆయన నమ్మారు, ఆ పడవ కట్టెల కింద పోయింది. మంచి పడవ రా అది. కుర్రాడికి లెక్క కట్టి డబ్బులిచ్చి ఆ రాత్రే బస్సెక్కించాను. తర్వాత వాడు రాలేదు, నేను వెతకనూ లేదు. ఏ ఊరో కూడా సరిగ్గా కనుక్కోలేదు. ఆ తర్వాత పడవ పని ముట్టలేదు నేను. "మామయ్యా, ఎందుకు మానేశావు" అని నువ్వు చిన్నప్పుడు అడిగినప్పుడల్లా గిట్టుబాటు కాలేదని చెప్పాను కదా, అదీ అబద్ధమే.

కాబట్టి ఆ డబ్బా తీసుకెళ్లి షాపులో వెనక్కిచ్చెయ్. ఇవాళ్టి నుంచే నావల మీద, లోపల, గోనె సంచులు పరిచి పొద్దునా సాయంత్రం తడుపు. ఆ రేకుల షెడ్డు ఏప్రిల్లో పొయ్యిలా ఉంటుంది, పైన గ్రీన్ నెట్ కట్టు. ఫొటోలో నావ పక్కనే పెద్ద ఫ్యాన్ ఉంది, దాన్ని నీ వైపు తిప్పుకో, నావ వైపు వద్దు. ఒక వారం పోయాక లోపల రెండంగుళాలు నీళ్లు పోసి ఉంచు, కింద దిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని. కారిపోతుంది, మళ్లీ పోయాలి. పక్కవాళ్లు నవ్వుతారు, కాటేదాన్‌లో ట్యాంకర్ నీళ్లు కొని పడవలో పోస్తున్నాడని. నవ్వనీ. ఒక్కో సందు దగ్గర పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, మధ్య దూరం ప్రతి ఆదివారం కొలిచి నోట్‌బుక్‌లో రాయి. వరసగా రెండు వారాలు మార్పు లేకపోతేనే నూలు పట్టు.

నూలు దట్టించేటప్పుడు కొయ్య సుత్తి మోత విను. మొదట మెత్తగా ఉంటుంది, బిగిసేసరికి గొంతు మారుతుంది, అక్కడ ఆగిపోవాలి. ఇంకో నాలుగు దెబ్బలు వేద్దామనిపిస్తుంది, వెయ్యకు. దాని మీద మెత్తగా ఉండేదే పెట్టాలి. మనవాళ్లు గుగ్గిలం నూనెలో కాచి పెట్టేవారు. బేగంబజార్‌లో ఊరికే గుగ్గిలం అంటే ధూపం వేసేది ఇస్తారు, సాల చెట్టు గుగ్గిలం అని విడమర్చి అడుగు, అది పటికబెల్లంలా పెళుసుగా ఉంటుంది. కాచేది షెడ్డు బయట, చెక్కపొట్టుకి దూరంగా. పక్కన ఇసుక బకెట్ పెట్టుకో.

ఫైబర్ మ్యాట్ ఎందుకు కొన్నావో ఊహించగలను. నావలు నీకు బాగుచేయమని ఇచ్చిన ఆ రిసార్ట్ వాళ్లు "మెయింటెనెన్స్ వద్దు, పైన కోటింగ్ వేసెయ్యండి" అని ఉంటారు. ఇంత చదువుకుని, ఇంత చెక్క పని చేసి, పాత పలక మీద ఫైబర్ ఎలా వేద్దామనుకున్నావురా? లోపల తడి బయటికి పోయే దారి ఉండదు, చెక్క మెదులుతుంది, ఫైబర్ మెదలదు, మధ్యలో నీరు చేరి పైకి నున్నగా ఉండగానే లోపల అంతా కుళ్లిపోతుంది. వాళ్లకి అంత ఫైబర్ కావాలంటే కొత్త ఫైబర్ పడవ కొనుక్కోమను. కోపంగా రాశానని ఏమీ అనుకోకు. ఆ వంపు ఉన్న ముక్కు ప్లాస్టిక్ సంచిలో కట్టినట్టు ఉంటే చూడలేను నేను.

ఇంకొకటి. నీకు ఈత రాదు. మీ అమ్మ నిన్ను చిన్నప్పుడు కాలవ దగ్గరికి కూడా పంపలేదు, అది నా తప్పు కూడా, నేనైనా నేర్పించాల్సింది. నావ నీళ్లలో దించేలోపు ఈత నేర్చుకో. నీ దగ్గర పనిచేసే ప్రతివాణ్నీ ఈత వచ్చా అని అడుగు, రానివాడికి లైఫ్‌జాకెట్ లేకుండా నావ ఎక్కనివ్వకు. ట్యాంక్‌బండ్ మీద అందరూ బుద్ధుణ్ని చూసి ఫొటోలు దిగుతారు. నాకు 1990 మార్చి గుర్తొస్తుంది. ఆ విగ్రహాన్ని తీసుకెళ్తుంటే బార్జి ఒరిగి మునిగింది. విగ్రహాన్ని 1992 డిసెంబరులో పైకి తీశారు. దాంతోపాటు మునిగి చనిపోయినవాళ్లు రాలేదు. అంత పెద్ద పెద్ద ఇంజనీర్లు చూసుకున్న పనిలో అలా జరిగింది, మనమెంత.

దించాక పది రోజులు ఖాళీగా, తాడుతో ఒడ్డుకి కట్టి ఉంచు. తర్వాత మనుషుల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి మరికొన్ని రోజులు. అప్పుడు నువ్వూ నేనూ ఎక్కుదాం. రిసార్ట్ వాళ్లు తొందరపెడితే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను. మళ్లీ ఎవరి పుట్టినరోజుకో పడవ దించడం జరగదు.

ఆదివారం వస్తున్నాను. కూకట్‌పల్లి నుంచి మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కణ్నించి బస్సు పట్టుకుంటాను, నువ్వు బండి వేసుకుని ఎదురు రావక్కర్లేదు. నాన్న బాడిస మంచం కింద గుడ్డలో చుట్టి ఉంది, నిన్న రాత్రి తీసి చూశాను, కొంచెం తుప్పు, సానపడితే పోతుంది. పిడి మాత్రం కొత్తది వెయ్యాలి, అది మనిద్దరం అక్కడే చెక్కుదాం. మీ అత్తయ్య పులిహోర కట్టిస్తానంటోంది. ఒక ట్యాంకర్‌కి చెప్పి ఉంచు, డబ్బులు నేనిస్తాను.

మీ మామయ్య