ఉషువాయా నుంచి న్యూయార్క్‌కు: మా అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణ ప్రణాళికనూ, దానికి జతచేసిన ఖర్చుల పట్టికనూ తీరికగా చదివాను. చదువు ముగిసి ఉద్యోగంలో చేరేలోపు దొరికిన ఆరు నెలలనూ, దాచుకున్న 11,000 యూరోలనూ రెండు అమెరికా ఖండాలకు కేటాయించాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. మీ అమ్మ భయాల గురించి ఆమెతో నేను మాట్లాడతాను. హాస్టల్ అద్దెలు, బస్సు ఛార్జీలు, భోజనం ఖర్చు దేశంవారీగా చాలా శ్రద్ధగా లెక్కగట్టావు. కానీ ఇలాంటి ప్రయాణంలో చేతిలోని డబ్బు కరిగేది వాటివల్ల కాదు. ఏ దేశం తరవాత ఏ దేశానికి, ఏ నెలలో, ఏ కాగితాలతో వెళ్తున్నామన్న వరుసలో పొరపాటు జరిగితే, హాస్టళ్లలో నెలల తరబడి మిగిల్చినదంతా ఒక్క విమానం టికెట్టుతో పోతుంది. అందుకని నీ పట్టికను అలాగే ఉంచి, వరుసను మాత్రం పూర్తిగా తిరగవేయమంటున్నాను.

ఏప్రిల్‌లో ఒకవైపు టికెట్టుతో న్యూయార్క్‌లో దిగి, బస్సుల్లో మెక్సికోకూ, అక్కడి నుంచి పనామా మీదుగా కొలంబియాకూ దిగుతూ సెప్టెంబరుకు అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా చేరాలని రాశావు. ఇందులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది టికెట్టు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నవారు వీసా లేకుండా, ఈస్టా అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతితో అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్లి 90 రోజుల వరకు ఉండవచ్చు. అయితే దేశం విడిచి వెళ్లే టికెట్టు ముందుగానే చేతిలో ఉండాలి, ఆ ప్రయాణం కెనడాలోనో, మెక్సికోలోనో, కరీబియన్ దీవుల్లోనో ముగిసేది కాకూడదు. కాబట్టి న్యూయార్క్‌కు ఒకవైపు టికెట్టూ, మెక్సికో సరిహద్దుకు బస్సు టికెట్టూ చూపిస్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే నిన్ను విమానం ఎక్కనివ్వకపోవచ్చు. దీనికి తోడు, మధ్యలో మెక్సికోకో కెనడాకో వెళ్లి తిరిగి వచ్చినంత మాత్రాన ఆ 90 రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలుకాదు. అక్కడ గడిపిన రోజులు కూడా అందులోనే పడతాయి.

రెండవది దారి. అలాస్కా నుంచి దక్షిణ కొసదాకా సాగే పాన్ అమెరికన్ రహదారి పనామాలోని యావిసా అనే ఊరితో ఆగిపోయి, సుమారు 100 కిలోమీటర్ల అడవి, చిత్తడి నేల దాటాక కొలంబియాలో మళ్లీ మొదలవుతుంది. డారియెన్ అనే ఆ ప్రాంతంలో రోడ్డు లేదు, సాయుధ ముఠాలున్నాయి, పర్యాటకులకు అది దారే కాదు. నీ పట్టికలో పనామా నుంచి కొలంబియాకు బస్సు ఛార్జీ అని ఒక అంకె కనిపించింది. అలాంటి బస్సు ఏదీ లేదు. పనామా నుంచి శాన్ బ్లాస్ దీవుల మీదుగా కొలంబియా తీరంలోని కార్తహేనాకు తెరచాప పడవలు నడుస్తాయి, ప్రయాణం బాగుంటుందని అందరూ అంటారు, కానీ వాటి ధర సాధారణంగా విమానం కంటే చాలా ఎక్కువ.

మూడవది కాలం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అర్జెంటీనా, చిలీల దక్షిణ భాగమైన పటగోనియాలో చలికాలమే. పర్వత మార్గాలు చాలావరకు మంచుతో మూసుకుపోయి, ఏ నడకల కోసం అంత దూరం వెళ్తున్నావో అవే అందకుండా పోతాయి.

వరుసను తిరగవేస్తే ఈ మూడూ ఒకేసారి తీరిపోతాయి. ఫిబ్రవరి చివర బ్యూనస్ ఐరిస్‌లో దిగు. మార్చిలో, గాలులు కాస్త తగ్గి జనం పలచబడే సమయంలో పటగోనియా చూడు. ఆపై ఉత్తరానికి జరుగుతూ వస్తే, మే నెలకు బొలీవియా, పెరూ కొండల్లో వానలు ఆగి పొడి వాతావరణం మొదలై ఉంటుంది. జూన్ చివరిదాకా కొలంబియాలో ఉండి, అక్కడి నుంచి నేరుగా మెక్సికో నగరానికి విమానంలో వెళ్లు. చివరగా సంయుక్త రాష్ట్రాలు చూసుకుని న్యూయార్క్ నుంచి ఇంటికి రా. అప్పుడు నీ చేతిలో ఐరోపాకు తిరుగు టికెట్టు ఉంటుంది కనుక ఈస్టా నిబంధనకు అడ్డేమీ ఉండదు. వెళ్లేది బ్యూనస్ ఐరిస్‌కు, తిరిగి వచ్చేది న్యూయార్క్ నుంచి అన్నట్టు రెండు వేర్వేరు నగరాలతో ఒకే టికెట్టు కొంటే, రెండు ఒకవైపు టికెట్లకంటే తరచుగా చౌకగా దొరుకుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ధరలు చూసి ఆగిపోవద్దు, మాడ్రిడ్ నుంచి కూడా చూడు. లాటిన్ అమెరికాకు ఐరోపాలో పెద్ద ద్వారం మాడ్రిడ్.

మధ్య అమెరికాను వదిలెయ్యమన్నానని బాధపడకు. గ్వాటెమాలా నాకూ చాలా ఇష్టమైన దేశమే. కానీ జూన్ నుంచి అక్కడ వానాకాలం. పైగా ఏడు చిన్న దేశాలు, ప్రతి సరిహద్దు దగ్గరా ఒక రోజూ కొంత రుసుమూ పోతాయి. ఆరు నెలల్లో అన్నీ చూడాలనుకునేవాడికి చివరికి మిగిలేది బస్టాండుల జ్ఞాపకమే.

ఇక లెక్క. 11,000లో విమానాలు, బీమా, టీకాలు, అనుమతులు, వీటితోపాటు ముట్టుకోకూడని అత్యవసర సొమ్ము 1,000, అన్నీ కలిపి 3,500 యూరోలు ముందే పక్కన పెట్టు. మిగిలిన 7,500ను దేశాలకు సమానంగా పంచవద్దు. పటగోనియాకు మూడు వారాలు, రోజుకు 70 యూరోలు. ఉత్తర అర్జెంటీనా నుంచి కొలంబియాదాకా పద్నాలుగు వారాలు, రోజుకు సగటున 35. మెక్సికోకు నాలుగు వారాలు, రోజుకు 40. సంయుక్త రాష్ట్రాలకు మూడు వారాలు, రోజుకు మళ్లీ 70. ఇలా 168 రోజులకు 7,490 యూరోలు అవుతాయి. డబ్బు చౌకగా పనిచేసే చోట ఎక్కువ కాలం ఉండటమే ఇందులో కిటుకు. బొలీవియాలో ఒక వారం ఎక్కువ ఉన్నా నీకు తెలియదు కానీ, పటగోనియాలో రెండు రోజులు ఎక్కువ ఉంటే తెలుస్తుంది. అర్జెంటీనా ధరలు మాత్రం ఏ ఏటికి ఆ ఏడు తలకిందులవుతుంటాయి. ఆరు నెలల కిందటి అంచనాలను నమ్మకుండా, బయలుదేరే ముందు వారం మళ్లీ చూసుకో.

విమానం ఎక్కేటప్పుడు అర్జెంటీనా విడిచి వెళ్తావనడానికి రుజువు అడగవచ్చు. నీ తిరుగు టికెట్టు ఆగస్టుది కనుక అర్జెంటీనాలోని 90 రోజుల పరిమితికి అది సరిపోదు. ఎల్ కలఫాతే నుంచి చిలీలోని పుఎర్తో నతాలెస్‌కు వెళ్లే బస్సు టికెట్టును ముందే కొని, కాగితం మీద అచ్చువేసి ఉంచుకో. ఎలాగూ తోరెస్ దెల్ పైనే జాతీయ పార్కు చూడటానికి నువ్వు ఆ బస్సే ఎక్కాలి. ఆ పార్కులో రాత్రి గుడారం వేసే స్థలాలను ముందుగా రిజర్వు చేసుకోకుండా లోపల పలు రోజుల నడక కుదరదు కాబట్టి, విమానం తేదీలు ఖాయమైన రోజే ఆ పని కూడా చెయ్యి. చిలీలోకి పండ్లు, గింజలు, మొక్కలకు సంబంధించిన పదార్థాలు తీసుకెళ్తుంటే ఫారంలో తప్పక ప్రకటించాలి, దాచితే జరిమానా గట్టిగా ఉంటుంది. మీ అమ్మ సంచిలో కూరే కరివేపాకు పొడికి కూడా ఈ నియమం వర్తిస్తుందనే అనుకుని ఫారంలో రాసెయ్యి.

ఎత్తు విషయంలో కూడా ఈ దిశ మేలు చేస్తుంది. పెరూ రాజధాని లీమా నుంచి విమానంలో కుస్కో వెళ్లేవారు సముద్రమట్టం నుంచి గంటన్నరలోపే 3,400 మీటర్లకు చేరి, తలనొప్పితో రెండు రోజులు గదిలో పడుకుంటారు. నువ్వు ఉత్తర అర్జెంటీనాలోని సాల్తాలో 1,200 మీటర్ల దగ్గర మొదలుపెట్టి, ఉమవాకాలో 3,000 మీటర్ల దగ్గర రెండు రాత్రులు ఆగి, లా కియాకా సరిహద్దు దాటి బొలీవియాలోని తుపీసా మీదుగా ఉయుని ఉప్పు మైదానానికి చేరతావు. శరీరం మెల్లగా అలవాటుపడుతుంది. ఆ తరవాత సూక్రేలో రెండు వారాలు ఉండి స్పానిష్ నేర్చుకో. 2,800 మీటర్ల ఎత్తులో వాతావరణం హాయిగా ఉంటుంది, ఒక్కరికే పాఠం చెప్పే గురువులు చౌకగా దొరుకుతారు, ఆ రెండు వారాల చదువు మిగిలిన ప్రయాణమంతా బేరాల్లో, బస్టాండుల్లో, ఆసుపత్రి అవసరమైతే అక్కడా అక్కరకొస్తుంది. నా మాటల్లో ఒక్కదాన్నే పాటించే ఓపిక ఉంటే దీన్నే పాటించు.

బొలీవియాలో, పెరూలో కొండదారుల బస్సులు పగలే ఎక్కు. రాత్రి బస్సెక్కితే ఒక రాత్రి హాస్టల్ ఖర్చు మిగులుతుందన్న సలహా చాలామంది ఇస్తారు. అర్జెంటీనా మైదానాల్లో అది సరైనదే, పడుకునే సీట్లు కూడా ఉంటాయి, కానీ లోయల పక్కన మెలికలు తిరిగే దారుల్లో పది యూరోల కోసం ఆ సాహసం వద్దు. పాస్‌పోర్టు, కార్డులు ఉన్న చిన్న సంచి ఒళ్లోనే ఉండాలి, తల మీది అరలోనో కాళ్ల కిందో కాదు.

మాచు పిచ్చుకు రైలు చాలా ఖరీదు. కుస్కో నుంచి ఇద్రోఎలెక్త్రికా అనే చోటుదాకా మినీ వ్యానులు వెళ్తాయి, అక్కడి నుంచి రైలు పట్టాల పక్కనే రెండు మూడు గంటలు నడిస్తే మాచు పిచ్చు కింద ఉన్న ఊరు అగువాస్ కాలియెంతెస్ చేరవచ్చు. ప్రవేశ టికెట్టు మాత్రం నెలల ముందే కొను, ఏ మార్గంలో లోపల తిరగాలో కూడా టికెట్టులోనే నిర్ణయమవుతుంది. భోజనానికి ఈ దేశాలన్నిటిలో మధ్యాహ్నపు నిర్ణీత భోజనమే మంచిది. సూపు, అన్నం, కూర, ఒక పానీయం కలిపి సాయంత్రం తినే ఒక్క వంటకం కంటే తక్కువకు వస్తాయి. నువ్వు మాంసం తినవు కనుక, మాంసం వద్దని చెప్పి ఊరుకుంటే కోడికూర తెచ్చిపెడతారు. కోడి, చేప, హామ్ అని ఒక్కొక్కటీ విడిగా వద్దని చెప్పు.

పెద్దగా ఎవరూ వాడుకోని ఒక రాయితీ ఉంది. పెరూలో 18 శాతం, చిలీలోనూ కొలంబియాలోనూ 19 శాతం, అర్జెంటీనాలో 21 శాతం ఉండే అమ్మకం పన్నును నమోదైన హోటళ్లు విదేశీ పర్యాటకుల నుంచి బస మీద వసూలు చేయనవసరం లేదు. చిలీలో డాలర్లతోనో విదేశీ కార్డుతోనో, అర్జెంటీనాలో విదేశీ కార్డుతో చెల్లించాలి. గది తీసుకునేటప్పుడే పాస్‌పోర్టు, ప్రవేశ వివరాలు చూపించి అడుగు. అడగకపోతే చాలాచోట్ల వారంతట వారు చెప్పరు.

డబ్బుకు వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు, వేర్వేరు సంచుల్లో ఉంచు. ఏటీఎం యంత్రం యూరోల్లో లెక్కించమంటారా అని అడిగితే ఎప్పుడూ వద్దనే నొక్కు, ఆ మారకపు రేటు నీకు నష్టమే. కొన్ని కొత్త డాలరు నోట్లు కూడా ఉంచుకో. బొలీవియాలో, పెరూలో అంచు చిరిగిన నోటును తీసుకోరు. 2000 నుంచి డాలరునే వాడుతున్న ఈక్వడార్‌లో దుకాణదారు వంద నోటుకు చిల్లర ఇవ్వలేడు. 2024 జనవరిలో ఆ దేశంలో ముఠాల హింసను అంతర్గత సాయుధ సంఘర్షణగా ప్రభుత్వం ప్రకటించింది కనుక, జర్మన్ విదేశాంగ శాఖ సూచనలు ఆ వారం ఎలా ఉంటే అలా నడుచుకో. తీర ప్రాంతం బాగాలేదంటే ఈక్వడార్‌ను వదిలేసి లీమా నుంచి కొలంబియా రాజధాని బొగొటాకు విమానం ఎక్కు. బయలుదేరే ముందే, విదేశాల్లో ఉన్న జర్మన్ పౌరుల కోసం ఆ శాఖవారు నడిపే ఎలెఫాండ్ జాబితాలో పేరు నమోదు చేసుకో. అది ఉచితం, మీ అమ్మకూ కొంత ధైర్యం.

కొలంబియా నుంచి మెక్సికోకు టికెట్టు కొనేటప్పుడు మయామీ మీదుగా చౌకగా ఉందని ఆ దారి పట్టవద్దు. అక్కడ విమానం మారడానికి కూడా ఈస్టా కావాలి, దానితోపాటు 90 రోజుల గడియారం అప్పుడే మొదలై, మెక్సికోలో ఉన్న నాలుగు వారాలూ అందులో పడతాయి. అంతకంటే ముఖ్యమైనది, మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి హవానా దగ్గరే కదా అని క్యూబాకు వెళ్లవద్దు. 2021 జనవరి 12 తరవాత క్యూబాలో అడుగుపెట్టిన ఐరోపావారికి ఈస్టా వర్తించదు. రాయబార కార్యాలయంలో ఇంటర్వ్యూకు వెళ్లి వీసా తెచ్చుకోవాలి. ఈ ప్రయాణానికే కాదు, ముందుముందు ఉద్యోగం పని మీద వెళ్లాల్సి వచ్చినా అదే చిక్కు.

ఈస్టా దరఖాస్తు అమెరికా ప్రభుత్వ సైటులోనే చెయ్యి. 2025 సెప్టెంబరు 30న రుసుము 40 డాలర్లకు పెరిగింది, ఇప్పుడెంతో ఆ సైటులోనే చూసుకో, అక్కడ ఉన్నదానికంటే ఎక్కువ అడిగేవారు మధ్యవర్తులు. అందులో గతంలో వేరే దేశపు పౌరసత్వం ఉండేదా అని అడుగుతారు. నువ్వు హైదరాబాదులో పుట్టి భారత పాస్‌పోర్టుతోనే జర్మనీకి వచ్చావు కనుక, దాన్ని దాచకుండా రాయి. ఇంటిపేరు, పేరు జర్మన్ పాస్‌పోర్టు కింది భాగంలో అచ్చయిన వరుసలోనే అన్ని టికెట్ల మీదా ఉండాలి, మన పద్ధతిలో ముందువెనుకలు చేస్తే విమానాశ్రయంలో వాదించాల్సి వస్తుంది. నీతో మెక్సికోకు వస్తానన్న స్నేహితురాలికి జర్మన్ నివాస కార్డు ఉన్నా పాస్‌పోర్టు భారతదేశానిది కాబట్టి, ఈ లేఖలో రాసిన అనుమతులేవీ ఆమెకు వర్తించవు. ఆమె వీసాలు విడిగా చూసుకోవాలి.

సంయుక్త రాష్ట్రాల్లో మనవాళ్లు ఉండటమే నీకున్న పెద్ద పొదుపు. డల్లాస్‌లో మీ పిన్ని, న్యూజెర్సీలో మన చిన్నాన్న పిల్లలు ఉన్నారు. అయితే వారాంతాల్లోనే వెళ్లు, వారం రోజుల ముందే చెప్పు, కారు లేనిదే అక్కడ అడుగు పడదు కనుక వారి సమయమే నీ ఛార్జీ అని గుర్తుంచుకో. పాతికేళ్లు నిండనివారికి అద్దె కారు మీద అదనపు రుసుము వేస్తారు. 2026 నుంచి గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, జయాన్ వంటి పదకొండు జాతీయ పార్కుల్లో విదేశీయులు మామూలు ప్రవేశ రుసుముకు తోడు తలకు 100 డాలర్లు చెల్లించాలి, లేదా 250 డాలర్ల వార్షిక పాసు తీసుకోవాలి. నీకున్న మూడు వారాల్లో ఒక పార్కునే ఎంచుకుంటే చాలు.

జర్మనీలో నీ ఆరోగ్య బీమా ఈ దేశాల్లో పనికిరాదు. మీ నాన్న తీసుకున్న ఏడాది ప్రయాణ బీమా కూడా సాధారణంగా ఒక్కో ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకే పరిమితం. సంయుక్త రాష్ట్రాలను కూడా కలుపుకొని ఆరు నెలలకు విడిగా పాలసీ తీసుకో. పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) టీకాను అధీకృత కేంద్రాల్లోనే వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటే టీకాలు నమోదుచేసే పసుపు పుస్తకంలోని ఆ ముద్ర జీవితాంతం చెల్లుతుంది. ఒకవేళ మనసు మారి కొలంబియా నుంచి కోస్టారికాకు వెళ్తే ఆ పుస్తకం అడుగుతారు. బీమా, టీకా రెండూ జనవరిలోపు పూర్తిచేసి, మార్చిన పట్టికను నాకు పంపు. విమానం టికెట్టు అది చూశాకే కొందాం.

ఇట్లు,
మీ పెదనాన్న