హాస్టల్‌లో చదువుకుంటూ విశ్వాసాన్ని నిలుపుకోవడం ఎలా? ఒక చెల్లెమ్మ ప్రశ్నకు నా సమాధానం

మహబూబ్‌నగర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ కాలేజీ హాస్టల్‌లో ఉంటున్న అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆమె మొన్న వేసవిలో బాప్తిస్మం తీసుకుంది. ఆదివారాలు పరీక్షలు పెడుతున్నందువల్ల ఆరాధనకు వెళ్ళలేకపోతోంది. బతుకమ్మ ఆడదాం రమ్మని గదిలోని స్నేహితురాళ్ళు పిలుస్తున్నారు, ప్రసాదం తెచ్చి చేతిలో పెడుతున్నారు. వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటున్నారు, తీసుకుంటే ఊళ్ళో సంఘ పెద్దలు తప్పుపడుతున్నారు. ఈ వయసులో క్రైస్తవురాలిగా బతకడమంటే ఏమిటని ఆమె అడిగింది.

చెల్లెమ్మా, వందనాలు. నీకంటే చాలా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను దేవరకొండ వైపు పల్లెలో పుట్టి, నల్లగొండలో హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. ఇప్పుడు అదే పట్టణంలో బడిలో పాఠాలు చెబుతూ, శనివారం సాయంత్రాలు మా సంఘంలో యూత్ మీటింగ్ చూసుకుంటున్నాను. నువ్వు అడిగినవన్నీ నేను దాటి వచ్చినవే. నేను చెప్పబోయేది ప్రధానంగా ఒక్కటే. ఎక్కడ ఆగాలో ప్రార్థన చేసి ముందే తేల్చుకో, ఆ మాట సందర్భం రాకముందే మర్యాదగా చెప్పి ఉంచు, మిగిలిన అన్నింటిలో నీ తోటివాళ్ళతో మనస్ఫూర్తిగా కలిసిపో.

మన సండే స్కూళ్ళలో దానియేలు కథ చెప్పేటప్పుడు అందరూ సింహాల గుహ దగ్గరికి పరుగెత్తుతారు. నీకు అక్కరకు వచ్చేది మొదటి అధ్యాయం. దానియేలును, అతనితోటి యూదా కుర్రవాళ్ళను బబులోనుకు తీసుకుపోయి, పేర్లు మార్చి, కల్దీయుల భాష, విద్య మూడేళ్ళపాటు నేర్పించాలని రాజు ఏర్పాటు చేశాడు. దానియేలుకు పెట్టిన బెల్తెషాజరు అన్న పేరు ఆ దేశపు దేవత పేరుతో ముడిపడినదే. అయినా అతడు ఆ పేరుకు పలికాడు, ఆ చదువు చదివి అందరిలో మొదటివాడుగా నిలిచాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగిన తీరు కూడా చూడు. పళ్ళెం విసిరికొట్టలేదు, వంటవాణ్ణి శపించలేదు. అధికారి దగ్గరికి వెళ్ళి మనవి చేసుకున్నాడు. ఆ అధికారి తన తల పోతుందని భయపడితే, పది రోజులు శాకధాన్యాలు, నీళ్ళు ఇచ్చి చూడమని పైవిచారణకర్తను బతిమాలాడు. హాస్టల్ వార్డెన్‌తో ఎలా మాట్లాడాలో ఇంతకంటే చక్కగా చెప్పిన పాఠం నాకు ఎక్కడా కనబడలేదు.

ప్రసాదం విషయానికి వస్తే, నీకు వచ్చిన చిక్కే కొరింథు సంఘానికీ వచ్చింది. ఆ పట్టణంలో గుళ్ళలో బలి ఇచ్చిన మాంసం అంగడికి అమ్మకానికి వచ్చేది, విందుల్లోనూ వడ్డించేవారు. అపొస్తలుడు పౌలు ఆ సంఘానికి రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయంలోనూ, పదో అధ్యాయంలోనూ దీన్ని విడదీసి చెబుతాడు. అంగట్లో కొన్నదైతే ఎక్కడిదని ఆరా తీయకుండా తినమన్నాడు. అవిశ్వాసి ఇంటికి పిలిచినా, పెట్టింది అదేవిధంగా తినమన్నాడు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. విగ్రహం ముందు పంక్తిలో కూర్చోవడానికి, ప్రభువు బల్లకు పొత్తు కుదరదని కూడా అక్కడే స్పష్టంగా రాశాడు.

దీన్ని నీ హాస్టల్‌కు అన్వయించుకో. పండుగ పూట మెస్సులో అందరికీ పులిహోర వడ్డిస్తే అది ఎక్కడిదని అడగకుండా కృతజ్ఞత చెప్పుకుని తిను. నీ స్నేహితురాలు మన్యంకొండకు వెళ్ళి వచ్చి, స్వామి ప్రసాదమని చెప్పి మరీ ఇస్తే, ఆమె దృష్టిలో అది పూజలో భాగం. నువ్వు తీసుకుంటే ఆ పూజలో నువ్వూ ఉన్నావని ఆమె అనుకోవడంలో తప్పు లేదు. అప్పుడు మొహం తిప్పుకోకు, చేయి వెనక్కి లాక్కోకు. "నన్ను గుర్తుపెట్టుకుని తెచ్చినందుకు చాలా సంతోషం, నేను ప్రసాదం తీసుకోను, ఏమీ అనుకోకు" అని చెప్పి, ఆమె ప్రయాణం ఎలా జరిగిందో అడుగు. మా గదిలో యాదగిరిగుట్ట వైపు అమ్మాయి ఒకతె ఉండేది. మొదటిసారి నేను ఇలా చెప్పినప్పుడు ఆమె ముఖం ముడుచుకుంది. ఆ తర్వాత ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ప్రసాదం ఒక పొట్లంలోనూ, నాకోసం వాళ్ళమ్మ చేసిన సకినాలు వేరే పొట్లంలోనూ కట్టుకుని వచ్చేది.

బతుకమ్మ దగ్గర నిర్ణయం అంత తేలిక కాదు. 2014 నుంచి అది మన రాష్ట్ర పండుగ. తెలంగాణ ఆడపిల్లకు అది పుట్టింటి పిలుపు కూడాను. అయితే పేర్చిన పూల మీద పసుపు గౌరమ్మను నిలిపి పూజ చేస్తారన్నదీ నిజమే. నేను తంగేడు, గునుగు కోసుకురావడానికి వాళ్ళతో వెళ్ళేదాన్ని. గునుగు పూల కాడలు సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొసలను రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టే పని నాకే అప్పగించేవారు. ఆ రంగు వేళ్ళ సందుల్లో దసరా సెలవులదాకా ఉండేది. గౌరమ్మను పెట్టే వేళకు నేను పక్కకు జరిగేదాన్ని, చుట్టూ తిరిగి ఆడేదాన్ని కాదు. నేను ఆడనన్న మాట బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందే వాళ్ళకు తెలుసు కాబట్టి ఆ పూట ఎవరికీ కష్టం కలిగేది కాదు. మా సంఘంలోనే పూలు కూడా ముట్టని అక్కలు ఉన్నారు, ఆటవరకు ఆడే అక్కలూ ఉన్నారు. రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయం ఇలాంటి భేదాల కోసమే ఉంది. అందులో పౌలు, తినేవాడు తిననివాణ్ణి తక్కువ చేయకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు అంటాడు. సందేహంతో చేసేది మాత్రం పాపమని కూడా చెబుతాడు. కాబట్టి నీ మనస్సాక్షి పూలు కోయడానికే ఒప్పుకోకపోతే, నేను కోశానని నువ్వు కోయవద్దు.

మన ప్రాంతపు సంఘాల చరిత్ర కూడా ఈ మాటకు బలమిస్తుంది. నల్లగొండలో 1890 ప్రాంతంలో పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన, మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీ. ఆయన అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశారు. మీ మహబూబ్‌నగర్ మిషను కూడా మొదట బాప్టిస్టులదే, తర్వాత మెన్నొనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చింది. ఈ రెండు సంఘాల్లోనూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎవరి విశ్వాసాన్ని వాళ్ళే నోటితో ఒప్పుకోవాలన్న ఆ పట్టుదల 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో మొదలైంది, దానికోసం ప్రాణాలిచ్చిన వాళ్ళూ ఉన్నారు. అంత దూరం నుంచి వచ్చిన ఆచారాన్ని మనం ఇప్పుడు పదో తరగతి సెలవుల్లో జట్టుగా నీళ్ళలోకి దిగే కార్యక్రమంగా మార్చుకున్నామేమోనని నాకు దిగులుగా ఉంటుంది. నువ్వు నీ నోటితో ఒప్పుకున్నావు కాబట్టి, ఏది తినాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలకు వాక్యం చదివి జవాబు వెతుక్కునే బాధ్యత కూడా నీకే వచ్చింది.

ఆదివారం గురించి. ముందు మీ నాన్నగారి చేత వార్డెన్‌కు ఉత్తరం రాయించు. నెలకు ఒక్క ఆదివారమైనా ఉదయం ఆరాధనకు పంపమనీ, ఆ పరీక్ష సాయంత్రం రాస్తావనీ అందులో ఉండాలి. అడిగితే ఇవ్వరని ముందే అనుకోకు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా పిల్లలను మతపరమైన ఆరాధనలో పాల్గొనమని బలవంతం చేయకూడదనీ, మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలనీ రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. సరస్వతీ పూజలో కూర్చోవలసిందేనని ఎవరైనా పట్టుబడితే అది అక్కరకు వస్తుంది. అయితే మొదటి మాటే చట్టం కాకూడదు, దానియేలు మనవితోనే మొదలుపెట్టాడు. అనుమతి రాకపోతే శనివారం రాత్రి గానీ, ఆదివారం తెల్లవారుజామున గానీ ఇద్దరు ముగ్గురు కలిసి అరగంట కూర్చోండి. త్రోయలో పౌలు ప్రసంగం విన్న సంఘం కూడుకున్నది రాత్రివేళే. అర్ధరాత్రి దాకా సాగిన ఆ ప్రసంగంలో ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. యూత్ మీటింగుల్లో గంటన్నర మాట్లాడే వాళ్ళు ఆ భాగం చదువుకుంటే బాగుంటుంది.

ఫోన్ ఉండనివ్వరు కాబట్టి గిడియన్స్ వారు పంచే చిన్న కొత్త నిబంధన దిండు కింద పెట్టుకో. మార్కు సువార్తలో ఉన్నవి పదహారు అధ్యాయాలే, రోజుకు సగం చదివినా నెల రోజుల్లో అయిపోతుంది. చదివినదాంట్లో అర్థం కానిది ఒకటి, ఆ రోజు చేయవలసినది ఒకటి నోట్‌బుక్ వెనుక పేజీలో రాసుకో. గదిలో అందరూ చూసేలా మోకరించాలా అని చాలామంది పిల్లలు అడుగుతారు. అవసరం లేదు, సిగ్గుపడి దాక్కోనూ వద్దు. నీ వంతు గది ఊడవడం, నీకంటే వెనుకబడిన అమ్మాయికి లెక్కలు చెప్పడం, ఎవరి వెనుకా వాళ్ళ గురించి మాట్లాడకపోవడం చూసి వాళ్ళు నీ గురించి ఒక అభిప్రాయానికి వస్తారు. కరపత్రం ఇవ్వడానికి ముందు ఈ పని జరగాలి.

నువ్వు అడగలేదు కానీ, హాస్టల్లో ఎప్పుడో ఒకప్పుడు తగిలే మాట ఇంకొకటి ఉంది: "చర్చికి పోతావు, మరి కుల సర్టిఫికెట్‌లో ఏముంది?" 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలను మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని సీ వర్గంగా, అంటే బీసీ-సీగా లెక్కిస్తారు. ఎస్సీ రిజర్వేషన్ పదిహేను శాతం, బీసీ-సీది ఒక్క శాతం. మా నాన్నగారు తెలిసే ఆ ఒక్క శాతం వైపు నిలబడ్డారు, దానికి మా ఇల్లు చెల్లించిన ధర చిన్నది కాదు. అందుచేతే కాగితాల్లో ఎస్సీగానే ఉండే దారి ఎంచుకున్న తల్లిదండ్రులను వేలెత్తి చూపే వాళ్ళంటే నాకు గౌరవం లేదు, మాదిగవాడల్లో ఒక సీటు విలువ ఎంతో నాకు తెలుసు. చట్టంలో ఉన్న ఈ చిక్కును పదహారేళ్ళ పిల్ల భుజాన వేయడం అన్యాయం. ఎవరైనా ఆ మాటతో గుచ్చితే వాదనకు దిగకు. పేపర్ల సంగతి ఇంట్లో పెద్దలతో కూర్చుని తెలుసుకో.

ఇక సంఘం వైపు నుంచి జరగవలసినది. మన దగ్గర యువతకు కీబోర్డు ఇస్తారు, మైకు ఇస్తారు, సెమీ క్రిస్మస్‌కు నాటిక వేయిస్తారు, డిసెంబరు చలిలో క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిప్పుతారు. ఇవన్నీ మంచివే, నేనూ చేయిస్తాను. వాళ్ళ మాట కూర్చుని వినే మనిషిని మాత్రం ఇవ్వరు. మా మీటింగ్‌లో ఒక బిస్కెట్ల డబ్బాకు మూతలో కంత పెట్టి ప్రశ్నల కోసం ఉంచాము. మొదట్లో వచ్చినవన్నీ నోవహు ఓడ కొలతలు అడిగే తెలివైన ప్రశ్నలే. పేర్లు అడగరని నమ్మకం కుదిరాక నోట్‌బుక్ మూల చింపిన కాగితాలు రావడం మొదలైంది. చేతిరాత గుర్తుపడతామేమోనని ఎడమచేత్తో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసినవి. నాన్న తాగి వచ్చి అమ్మను కొడుతుంటే కుటుంబ ప్రార్థనలో ఆయన పక్కన ఎలా కూర్చోవాలని ఒకరు అడిగారు. హిందువుల అబ్బాయి అంటే ఇష్టం, దేవుడు నన్ను వదిలేస్తాడా అని ఇంకొకరు రాశారు. ఇటువంటి వాటికి మైకులో జవాబు చెప్పరాదు. ఆ సాయంత్రం పాటల సంగతి పక్కన పెట్టి, పెళ్ళయిన అక్కలు నలుగురు నాలుగు మూలల్లో కూర్చుంటే, పిల్లలే తమకు నచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

నీకు కూడా అలాంటి అక్క ఒకరు కావాలి. మహబూబ్‌నగర్‌లో నువ్వు వెళ్ళగలిగిన సంఘంలో టీచరమ్మో, నర్సమ్మో ఒకరిని చూసుకుని, నెలకు ఒకసారి కలుస్తానని అడుగు. ఆ సంగతి మీ అమ్మకు కూడా చెప్పు. కలిసే మనిషి ఆడవాళ్ళే అయి ఉండాలి, మాట్లాడేది నలుగురు తిరిగే చోటే కావాలి. ఎంత పేరున్న సేవకుడైనా ఒంటరిగా పిలిచి ప్రార్థన చేస్తానంటే వెళ్ళవద్దు.

ఊళ్ళో పెద్దల విషయంలో, దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పాస్టరు అయ్యగారిని నువ్వే కలిసి, కొరింథు పత్రికలోని ఆ రెండు అధ్యాయాలు చదివి వివరించమని అడుగు. రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయం చివర సిరియా సేనాధిపతి నయమాను ఎలీషా ప్రవక్తను అడిగినది కూడా అడుగు. తన రాజు తన చేతిమీద ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుందని, ఆ ఒక్క విషయంలో క్షమించమని ఆయన వేడుకున్నాడు. ఎలీషా ఆయనను గద్దించకుండా సమాధానంతో పంపించాడు. అయ్యగారు నీతో ఏకీభవించకపోవచ్చు. అప్పుడు ఎదురు చెప్పకుండా పూర్తిగా విను, ఆయన చూపించిన వాక్యాలు రాసుకుని హాస్టల్‌కు తెచ్చుకుని మళ్ళీ చదువు. వార్డెన్‌కు రాసే ఉత్తరం మీద మాత్రం ఆయన చేత కూడా ఒక సంతకం పెట్టించుకో, పట్టణంలో అయ్యగారి సంతకానికి ఇంకా విలువ ఉంది.