గ్యాస్ నింపించే ముందు ఇది చదువు తల్లీ

చిరంజీవి తల్లికి,

నెల్లూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు. నాన్న గదిలో ఏసీ రాత్రంతా తిరుగుతున్నా గది చల్లబడటం లేదని, ఈ ఎండల్లో ఇప్పటికే రెండుసార్లు గ్యాస్ నింపించావని, మూడోసారి కూడా నింపాలంటున్నారని చెప్పావు. మూడోసారి వద్దు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. నేను శనివారం గానీ రాలేను. ఈలోపు నువ్వే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదమ్మా. వాడేకొద్దీ అయిపోయేది కాదు. రాగి గొట్టాల్లో, మూసేసిన దారిలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా పైపైన నింపి పోయినవాడు నీ డబ్బు గాల్లో కలిపినట్టే. అసలు తగ్గిందో లేదో చూడకుండానే నింపి ఉంటే ఇంకా నష్టం, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో వేడిని పట్టుకుని బయట పారేస్తుంది, అంతే. చలి దేశాల్లో ఇదే పనిని తిరగేసి, బయటి గాలిలో ఉన్న కొద్దిపాటి వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. అక్కడ దాన్ని హీట్ పంప్ అంటారు. ఎటు నడిపినా లెక్క ఒకటే. లోపలి కాయిల్, అంటే రెక్కలున్న రాగి గొట్టాల చుట్ట, వేడిని పట్టాలి, గ్యాస్ దాన్ని మోయాలి, బయటి కాయిల్ దాన్ని వదలాలి. ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే రిపేరు. మిగతాదంతా ఊహ.

కనిపెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొను. సాయంత్రం కిటికీలు, తలుపు మూసి, కూల్ మోడ్‌లో 18 పెట్టి, ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఇరవై నిమిషాలు నడవనివ్వు. 18 ఎందుకంటే, మీది ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి స్పీడు మార్చుకునేది, కాబట్టి తక్కువ పెడితేనే పూర్తి బలంతో తిరుగుతుంది. అప్పుడు ఇండోర్, అంటే గదిలోని పెట్టె, పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద గాలి బయటికొచ్చే చోట ఒకసారి కొలువు. రెండింటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తోంది, తప్పు గదిలో ఉంది. నాలుగైదు డిగ్రీలే ఉంటే తప్పు యంత్రంలో ఉంది. ఈ రెండు దారుల్లో ఏదో తేలకుండా ఎవరి చేతా స్క్రూ తిప్పనివ్వకు.

ఒక మాట. మీ ఒంగోలు గాలి రోజులో రెండు రకాలుగా ఉంటుంది. మధ్యాహ్నం పడమటి వడగాలి పొడిగా కొడుతుంది. పొద్దు వాలేసరికి కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి తిరిగి జిడ్డుగా చెమట పోస్తుంది. ఆ గాలిలో తేమను నీళ్లుగా పిండటానికే ఏసీ బలంలో మంచి వాటా పోతుంది. అందుకని సాయంత్రం పూట తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ తగ్గినా కంగారుపడకు. డ్రైన్ పైపు నుంచి నీళ్లు ధారగా వస్తున్నాయో లేదో చూడు. తేమ ఉన్న రోజున కూడా పైపు పొడిగా ఉంటే కాయిల్ సరిగా చల్లబడటం లేదన్నమాట. నీళ్లు పైపులో రాకుండా గోడమీద కారుతుంటే మాత్రం పైపు మూసుకుపోయింది, అది వేరే సంగతి.

ఇంకొకటి కూడా తెలుసుకో. ఏసీ మీద రాసిన టన్ను లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి బలం. రోహిణి కార్తెలో మన వైపు 44 దాటినప్పుడు ఏ కంపెనీ యంత్రమైనా ఆ మేరకు తగ్గుతుంది. మధ్యాహ్నం రెండింటికి గది 26కి రాకపోతే అది జబ్బు కాదు. రాత్రి పదకొండుకీ రాకపోతే జబ్బే.

ఇప్పుడు యంత్రం వైపు. మొదట ఇండోర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూడు. వేసవిలో పదిహేను రోజులకోసారి కడగాలి. చీమకుర్తి రోడ్డు వైపు ఉండేవాళ్లకి గ్రానైట్ దుమ్ముతో వారానికే నిండుతుంది. ఫిల్టర్ వెనక కాయిల్, కింద గాలి తోసే గొట్టం లాంటి ఫ్యాన్ కూడా చూడమని సర్వీసు కుర్రాడికి చెప్పు. ఆ ఫ్యాన్ రెక్కల్లో మట్టి అట్ట కడితే శబ్దం మామూలుగానే వస్తుంది గానీ గాలి సగం కూడా రాదు. ఇది చాలామంది చూడరు. జెట్ సర్వీస్ చేశామంటారు, కాయిల్ ముందు నుంచి నీళ్లు కొట్టి వెళ్లిపోతారు.

తర్వాత ఔట్‌డోర్, అంటే బయటి పెట్టె. నా అనుభవంలో చల్లబడని ఏసీల్లో ఎక్కువ వాటికి రోగం ఇక్కడే ఉంటుంది, మందు మాత్రం లోపల వేస్తుంటారు. మీ ఔట్‌డోర్ వాష్ ఏరియాలో, దొంగల భయంతో ఇనుప బోనులో ఉందని గుర్తు. ముందు బట్టలు ఆరేసే తాడు, పక్కన పక్కింటి వాళ్ల ఔట్‌డోర్. మీది వదిలే వేడిగాలి ఎదుటి గోడకు తగిలి తిరిగి దాని వీపులోకే పోతుంది. థర్మామీటరు తీసుకెళ్లి ఔట్‌డోర్ వెనక, గాలి లోపలికి పీల్చే వైపు కొలువు. తర్వాత అదే సమయంలో వీధి వైపు నీడలో కొలువు. నీడలో 40 ఉండి దాని వెనక 48 ఉందనుకో, ఆ యంత్రం 48 డిగ్రీల ఊళ్లో కాపురం ఉంటున్నట్టే. అంత వేడిలో ఇన్వర్టర్ ఏసీ తనను తాను కాపాడుకోవడానికి కంప్రెసర్, అంటే గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు, స్పీడు తగ్గించేస్తుంది. చూసేవాడు గ్యాస్ తగ్గిందంటాడు. ఎంత నింపినా ఏం లాభం? బోను ముందు రేకు విప్పించు, బట్టల తాడు మార్చు, వెనక గోడకు కనీసం జానెడు, ముందు అయిదారు అడుగులు ఖాళీ ఉండేలా చూడు. కుదరకపోతే స్టాండు వేయించి వీధి వైపు గోడకు మార్పించడమే మేలు. పైపు పొడుగు పెరిగితే దానికి తగ్గట్టు గ్యాస్ కూడా తూకం చూసి కలపాలి.

అదే చోట కాయిల్ రెక్కలు కూడా చూడు. కొత్తపట్నం రోడ్డులో ఇల్లు కాబట్టి ఉప్పుగాలి తప్పదు. అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి రాలుతుంటే కాయిల్‌ని ఉప్పు తిన్నట్టే, దాన్ని కడిగి లాభం లేదు. ఇంకా బాగుంటే వేసవిలో నెలకోసారి మెయిన్ ఆపేసి మంచినీళ్లతో మెల్లగా కడుగు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో మాత్రం వద్దు.

ఔట్‌డోర్‌కి వెళ్లే రెండు రాగి పైపులకీ నల్ల స్పాంజి తొడుగు విడివిడిగా ఉండాలి. ఎండకి అది చిట్లి ఊడిపోతుంది. ఊడితే చల్లదనం దారిలోనే పోతుంది. ఇది చవక పని, ఆలస్యం చేయకు.

కరెంటు సంగతి. రాత్రి తొమ్మిదింటికి అందరూ ఏసీలు వేసినప్పుడు వోల్టేజ్ ఎంత ఉందో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించు. మెయిన్ బోర్డు దగ్గర ఒకసారి, ఏసీ సాకెట్ దగ్గర ఒకసారి, రెండూ ఏసీ నడుస్తుండగానే. రెండుచోట్లా 190 కంటే కింద ఉంటే లైను లోపం, కరెంటు ఆఫీసుకి ఫిర్యాదు రాసివ్వు. బోర్డులో బాగుండి సాకెట్ దగ్గర పది, పదిహేను పడిపోతే వైరు సన్నం లేదా ఎక్కడో లూజు. ఒకటిన్నర టన్నుకి 4 ఎంఎం రాగి వైరు విడిగా లాగి ఉండాలి. ప్లగ్ పట్టుకుంటే వేడిగా ఉన్నా, నల్లబడినా ఆ రోజే ఏసీ ఆపెయ్, మంటలొచ్చేది అక్కడే. నువ్వు ఏసీ మూత విప్పి చూడకు, స్విచ్ ఆపినా కొన్ని భాగాల్లో కరెంటు నిలవ ఉంటుంది.

ఇవన్నీ బాగుండి కూడా ఆ తేడా రాకపోతే, అప్పుడు గ్యాస్ మాట ఎత్తు. లోపలి కాయిల్ మీద ఒక పక్కనే మంచు కట్టడం, రాగి పైపులు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక కనిపించడం, ఇవి కారుతున్న గుర్తులు. మంచు కట్టడానికి మట్టి పట్టిన ఫిల్టర్ కూడా కారణం కావచ్చు, అందుకే గాలి సంగతి ముందు చూడమన్నాను.

వచ్చే మెకానిక్‌ని మూడు అడుగు: నైట్రోజన్ సిలిండర్ తెస్తావా, వాక్యూమ్ పంపు ఉందా, గ్యాస్ తూచే కాటా ఉందా. మూడింటిలో ఏది లేకపోయినా మర్యాదగా వద్దని చెప్పు. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, జాయింట్లకి సబ్బు నురగ రాసి, బుడగ వచ్చే చోటు నీకు చూపించాలి. అది బాగుచేసి, వాక్యూమ్ పంపుతో పైపుల్లో గాలినీ తేమనూ లాగేయాలి. తేమ మిగిలితే లోపలి నూనెతో కలిసి యాసిడ్ అయి కంప్రెసర్‌ని తింటుంది. కొంచెం గ్యాస్ వదిలి గాలి పోయిందనే పద్ధతి ఒప్పుకోకు. ఆ తర్వాత ఔట్‌డోర్ స్టిక్కర్ మీద ఏ గ్యాస్ ఎన్ని గ్రాములని ఉందో అంతే, కాటా పెట్టి ఎక్కించాలి.

నీకు రెండుసార్లు కాటా లేకుండానే నింపారు కదా, ఇప్పుడు గ్యాస్ ఎక్కువైపోయి ఉండొచ్చు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, కంప్రెసర్‌కి ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఉన్నదంతా సిలిండర్‌లోకి తీయించి, కొత్తగా తూకం ప్రకారం పెట్టించడం ఒక్కటే దారి. స్టిక్కర్ మీద ఉన్న గ్యాస్ పేరు ఆర్-32 అయితే అది మండే గుణం ఉన్న గ్యాస్, ఆర్-290 అయితే ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. లోపల గ్యాస్ ఉండగా అతుకు పెట్టడానికి మంట వెలిగించనివ్వకు. పని జరిగే గదిలో నాన్నని ఉంచకు.

కొలతలో తేడా బాగానే వచ్చి గది మాత్రం చల్లబడకపోతే, నాకు అనుమానం మీ స్లాబు మీదే. నాన్నది పై అంతస్తు, పైన ఏమీ లేదు. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. మేడ మీద శుభ్రంగా కడిగించి తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించు. డబ్బు చూసుకోవాలంటే సున్నమైనా కొట్టించు, వానలకి పోతుంది గానీ ఈ వేసవికి ఆదుకుంటుంది. పడమటి కిటికీకి బయటి వైపు నీడ కావాలి, లోపల కర్టెన్ కడితే వేడి అప్పటికే లోపలికొచ్చేసినట్టు. బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మరిచిపోతాడు నాన్న, అది చల్లగాలిని బయటికి లాగేస్తుంది. తలుపు కింది సందు కూడా మూయించు. ఇవి చేయకుండా రెండు టన్నులది కొందామని మాత్రం అనకు.

రోజువారీకి 24 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ సన్నగా వేస్తే చాలు.

ఇది తేలేదాకా నాన్నని పైన పడుకోనివ్వకు తల్లీ. వాడి మొండితనం నాకు తెలుసు, నా మాటగా చెప్పు. కింద హాల్లో మంచం వేయి. ఆ వయసులో దాహం తెలియదు, అడగకపోయినా గంటకోసారి మజ్జిగో నీళ్లో ఇస్తూ ఉండు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి.

నాకు ఇవి పంపు: ఇండోర్ దగ్గర రెండు కొలతలు, ఔట్‌డోర్ వెనక కొలత, నీడలో కొలత, రెండుచోట్ల వోల్టేజ్, స్టిక్కర్ ఫోటో, వాష్ ఏరియా ఫోటో. శనివారం సాయంత్రం పినాకినికి వస్తాను. కాటా, వాక్యూమ్ పంపు ఉన్న కుర్రాడు ఒంగోల్లో ఒకడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఆదివారం పొద్దున్నే రమ్మని చెప్పాను. ఎత్తు నిచ్చెన ఒకటి ఎవరినైనా అడిగి తెప్పించి ఉంచు.

మీ పెదనాన్న