శుక్రవారంలోగా సంతకం పెట్టకండి: అమెరికాలో ఆడపిల్లల సాకర్ (ఫుట్‌బాల్) క్లబ్బుల ఖర్చు గురించి

మీ అమ్మాయికి తొమ్మిదేళ్లనీ, పిల్లలను ఎంచుకునే మొన్నటి ట్రైఅవుట్‌లో పెద్ద క్లబ్ కోచ్ ఆమె ఆట మెచ్చుకున్నాడనీ, ఏడాదికి 2,800 డాలర్ల ఫీజుతో టీములో చోటిస్తామని, శుక్రవారంలోగా ఆన్‌లైన్లో ఒప్పుకుని అడ్వాన్సు కట్టమన్నారనీ రాశారు. టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకు వచ్చి ఏడాదైనా కాలేదు కనుక ఆ కబురు మీకు ఎంత సంతోషం కలిగించి ఉంటుందో ఊహించగలను. మీవారు ఆ 2,800ని పన్నెండు నెలలకు పంచి చూసి, భరించగలమని తేల్చారట. కల్యాణ మండపం అద్దె చూసి పెళ్లి ఖర్చు తేల్చినట్టుంది ఆ లెక్క.

మేము డాలస్ ప్రాంతానికి వచ్చినప్పుడు మావారు హెచ్-1బీ మీద ఉన్నారు, నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు, ఇంటికి ఒక్క జీతమే వచ్చేది. ఆ జీతంలోనే, ఊళ్లో అత్తగారికి పంపవలసింది ఒక్క నెల కూడా ఆపకుండా, అప్పు చేయకుండా, మా పెద్దమ్మాయిని హైస్కూలు పూర్తయ్యేదాకా క్లబ్ సాకర్ ఆడించాం. ఇప్పుడు డివిజన్ 3 (కాలేజీ క్రీడల్లో మూడో అంచె) కాలేజీలో ఆడుతోంది. సాకర్ ఖర్చులకు నేను వేరే నోటుపుస్తకం పెట్టుకున్నాను. మీది బ్యాంకు యాప్ చూసి సరిపెట్టుకునే తరం కనుక ఈ చిల్లర పద్దులన్నీ విసుగనిపించవచ్చు. అయినా కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ వ్యవహారంలో డబ్బంతా ఆ చిల్లర పద్దుల్లోనే పోతుంది.

ఫీజు కట్టాక మొదట వచ్చేది కిట్టు. రెండు జెర్సీలు, రెండు నిక్కర్లు, మేజోళ్లు, ప్రాక్టీసు చొక్కాలు, చలికోటు, నంబరు వేసిన బ్యాగు, ఇవన్నీ క్లబ్ ఒప్పందం కుదుర్చుకున్న కంపెనీ దగ్గరే కొనాలి. పెద్దదానికి బిగుతైనవి చిన్నదానికి పనికొస్తాయని నేను ఉతికి, మడిచి దాచాను. చిన్నది ఆ సైజుకు వచ్చేసరికి డిజైన్ మారింది, దాచినదంతా వృథా అయింది. కంపెనీలు రెండేళ్లకొకసారి నమూనా మార్చడం మామూలేనట, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

తరువాత టీము ఫీజు అని వేరే ఒకటి వస్తుంది. మీకు చెప్పిన 2,800 క్లబ్‌కు వెళ్లే డబ్బు; టోర్నమెంట్ల ప్రవేశ రుసుములు, రిఫరీల డబ్బు, కోచ్ ప్రయాణ ఖర్చులు టీము ఖాతాలోంచి పోతాయి, ఆ ఖాతాను నింపేది మనమే. మా మేనేజరు పంపిన మొదటి మెయిల్లో ఒక వరుసలో కోచ్‌కు రెండు రాత్రుల హోటల్, దాని కింద ఆయన భోజనం, దాని కింద ఆయన కారు తిరిగిన మైళ్లు, అడుగున ఆ మొత్తాన్ని పదకొండుతో భాగించగా వచ్చిన అంకె ఉన్నాయి. టీములో పన్నెండుమంది కదా అని అడిగాను. ఒక అమ్మాయి మానేసిందని, ఆమె వాటా మిగిలినవాళ్ల మీద పడిందని జవాబు వచ్చింది. నేను ఆ మెయిల్‌కు బదులివ్వకుండా డబ్బు పంపించాను. ఇప్పుడైతే మానేసిన అమ్మాయి కట్టిన డబ్బు ఎక్కడుందని అడిగి ఉండేదాన్ని.

హోటళ్ల సంగతి మీరు నమ్మరు. హ్యూస్టన్లో టోర్నమెంటు ఉంటే, మావారి ఇంజనీరింగ్ స్నేహితుడు అక్కడే ఉన్నాడు కదా, వాళ్లింట్లో దిగుదామని అనుకున్నాం. టోర్నమెంటువారు చూపించిన హోటళ్లలోనే, వారి సైటు ద్వారానే గది తీసుకోవాలని, ఆ నియమం పాటించకపోతే టీమునే పోటీనుంచి తొలగించవచ్చని మేనేజరు తెలియజేసింది. దీన్ని స్టే-టు-ప్లే అంటారు, చాలా టోర్నమెంట్లలో ఉంది. చివరకు స్నేహితుడి ఇంట్లో భోజనం చేసి, పడుకోవడానికి మాత్రం డబ్బు కట్టిన గదికి వెళ్లాం. మర్నాడు ఉదయం మైదానం దగ్గర కారు నిలపడానికి కూడా డబ్బు తీసుకున్నారు. ఇలాంటివన్నీ పుస్తకంలో రాసి ఏడాది చివర కూడితే, క్లబ్ మాకు చెప్పిన ఫీజుకు రెట్టింపు దాటింది. అప్పటికి మా అమ్మాయి ఆడుతున్నది పెద్ద లీగు కూడా కాదు.

పైగా ఆమె ఆడుతున్నది ఆ క్లబ్‌లో మూడో టీము. ఒకే వయసు పిల్లలకు ఒక్కో క్లబ్‌లో మూడు నాలుగు టీములుంటాయి; వాటిని రంగుల పేర్లతోనో కోచ్‌ల పేర్లతోనో పిలుస్తారు కనుక ఏది పైది, ఏది కిందిది అని కొత్తవాళ్లకు తెలియదు. జెర్సీ మీద గుర్తు ఒకటే, ఫీజు ఇంచుమించు ఒకటే. మంచి కోచ్, మంచి మైదానం, వీలైన సాయంకాలపు వేళ మాత్రం పై టీముకే దక్కుతాయి. కింది టీముల తల్లిదండ్రుల డబ్బుతోనే పై టీము నడుస్తుందని నా అభిప్రాయం, దీన్ని ఎవరైనా కాదంటే వాళ్ల లెక్కలు చూపించమనండి. శీతాకాలానికల్లా మా అమ్మాయి బెంచీ మీద కూర్చోవడం ఎక్కువైంది, వేరే క్లబ్‌కు మారుద్దామనుకున్నాం. అప్పుడుగాని ఒప్పందం చదవలేదు. మధ్యలో మానేసినా ఏడాది ఫీజంతా కట్టాలని అందులో ఉంది. మా కార్డు నుంచి నెలనెలా కోత పడుతూనే ఉంది. కొన్నాళ్లు రెండు క్లబ్బులకూ కట్టాం. అందుకే మీ శుక్రవారం గడువు చూడగానే నాకు ఒళ్లు మండింది. తొందర వాళ్లది, సంతకం మనది.

ఇక లీగుల సంగతి. ఆడపిల్లలకు దేశం మొత్తం మీద పేరున్నది ఎలీట్ క్లబ్స్ నేషనల్ లీగ్, అంటే ఈసీఎన్‌ఎల్, 2009లో 40 క్లబ్బులతో మొదలైంది. 2017లో యూఎస్ సాకర్ సమాఖ్య తన డెవలప్‌మెంట్ అకాడమీని ఆడపిల్లలకు కూడా తెచ్చి, అందులో ఆడేవాళ్లు హైస్కూలు టీముకు ఆడకూడదని పట్టుబట్టింది. 2020లో కోవిడ్ సమయంలో దాన్ని మూసేసింది. ఆ క్లబ్బుల్లో చాలావరకు కలిసి అదే ఏడాది గర్ల్స్ అకాడమీ అనే లీగుగా ఏర్పడ్డాయి. కొన్ని క్లబ్బులు ఒక లీగు వదిలి మరోదానిలోకి వెళ్లడం కూడా జరిగింది, అలా వెళ్లినప్పుడు మీ ప్రయాణపు ఊళ్లు మారతాయి, మిమ్మల్ని ఎవరూ అడగరు. ఈసీఎన్‌ఎల్ కింద అదే క్లబ్బుల రెండో టీములకు రీజనల్ లీగు ఉంది. మీకు ముఖ్యమైనది ఒక్కటే: ఈసీఎన్‌ఎల్ పోటీలు అండర్-13 నుంచి మొదలవుతాయి. మీ అమ్మాయి ఇప్పుడు ఆడేది ఏడుగురు-ఏడుగురు ఆట. తరువాత తొమ్మిదిమంది, ఆ తరువాతే పదకొండుమంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఇప్పుడే చోటు పట్టుకోకపోతే ఆ లీగు తలుపులు మూసుకుపోతాయని కోచ్ మీకు చెప్పి ఉంటే, అమెరికా జట్టుకు ఆడిన అలెక్స్ మోర్గాన్ పద్నాలుగేళ్లు వచ్చేదాకా క్లబ్ టీములో చేరనే లేదని ఆయనకు గుర్తుచేయండి.

పోటీ లేదని నేను అనడం లేదు. ప్రతి వేసవికీ మళ్లీ ట్రైఅవుట్ పెడతారు, పక్క ఊరి నుంచి ఒక పొడుగుపిల్ల వస్తే మన పిల్ల చోటు పోతుంది, నిరుడు కట్టిన డబ్బు గుర్తుండేది మనకు మాత్రమే. పక్క కుర్చీలో కూర్చున్న తల్లి తన కూతురికి వారానికొక ప్రైవేటు క్లాసు పెట్టించిందని తెలియగానే మనమూ పెట్టిస్తాం. గంటకు 70, 80 డాలర్లు ఇచ్చి నేనూ పెట్టించాను. ఆ కోచ్ నేర్పించినది మా అమ్మాయి ఇంటి వెనక గోడకు బంతి కొట్టి నేర్చుకున్నదానికన్నా ఎక్కువేమీ కాదని పుస్తకం చూసుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

స్కాలర్‌షిప్ వస్తే పెట్టినదంతా తిరిగొస్తుంది కదా అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను, ఎందుకంటే మన ఇళ్లలో ఈ ఖర్చుకు చెప్పే సాకు అదే. దేశంలో హైస్కూలు సాకర్ ఆడే అమ్మాయిలు మూడున్నర లక్షలకు పైగా ఉన్నారు. డివిజన్ 1లో మహిళల సాకర్ ఉన్న కాలేజీలు మూడు వందల పైచిలుకు. 2025 దాకా ఒక్కో టీముకు 14 పూర్తి స్కాలర్‌షిప్పుల పరిమితి ఉండేది, వాటినే పాతిక ముప్పైమందికి పంచేవారు కనుక చాలామందికి దక్కేది పావో, సగమో. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్లకు చెల్లింపుల మీద నడిచిన దావా) ఒప్పందం తరువాత, అందులో చేరిన కాలేజీలు 28 మందికి మించకుండా టీము పెట్టుకుని అందరికీ స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అంటే ఇచ్చి తీరాలని కాదు. హార్వర్డ్ లాంటి కాలేజీలుండే ఐవీ లీగులోను, డివిజన్ 3లోను ఆట పేరుతో స్కాలర్‌షిప్పులే లేవు. మా అమ్మాయికి ఫీజులో తగ్గింపు వచ్చింది మార్కుల వల్ల. సాకర్ వల్ల ఒక్క డాలరు రాలేదు. క్లబ్‌కు పోసినదంతా ఏటేటా కాలేజీ చదువు కోసం దాచుకునే 529 ఖాతాలో వేసి ఉంటే కాలేజీ మొదటి రెండేళ్లూ గడిచిపోయేవని నా అంచనా. అయినా ఆడించాం, ఎందుకంటే ఆమె ఆట కోసం తెల్లవారుజామున తానే లేచేది. ఆ ఖర్చును మీరు సంగీతం క్లాసులా, నృత్యం క్లాసులా ఖర్చుగానే రాసుకోండి, పెట్టుబడి కింద రాయకండి.

పెద్ద లీగుకు వెళ్లాక ఖర్చు ఎలా పెరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. లీగులోని టెక్సాస్ విభాగం, అంటే టెక్సాస్ కాన్ఫరెన్సులో హ్యూస్టన్, ఆస్టిన్ వైపు కారులో వెళ్లివస్తాం. కాలేజీ కోచ్‌లు చూడటానికి వచ్చే షోకేసులు ఫీనిక్స్‌లోనో, ఫ్లోరిడాలోనో పెడితే విమానం టిక్కెట్లు తప్పవు. డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి మాత్రమే పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు, అంతకుముందే వాళ్ల కాలేజీల్లో జరిగే శిబిరాలకు రమ్మని మెయిళ్లు వస్తాయి. అవి చాలావరకు ఊరందరికీ పంపేవి. మా అమ్మాయిని వాళ్లు గుర్తించారనుకుని మేము రెండు మూడింటికి డబ్బు కట్టి తీసుకెళ్లాం.

దెబ్బల గురించి మీరు అడగలేదు, నేనే చెప్తాను. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోవడం ఈ ఆటలో మగపిల్లలకన్నా ఆడపిల్లలకు చాలా ఎక్కువ. ఫిఫా 11+ అనే వార్మప్ వ్యాయామాలు క్రమం తప్పకుండా చేయిస్తే దెబ్బలు తగ్గుతాయి, వాటికి ఖర్చేమీ లేదు. మీ కోచ్ చేయిస్తాడో లేదో అడగండి. మీ ఇన్సూరెన్సులో డిడక్టిబుల్ (ముందుగా మన జేబులోంచి కట్టవలసిన మొత్తం) ఎంతో చూసుకోండి. ఆ ప్లాను మార్చుకోవడానికి నవంబరులో అవకాశం వస్తుంది, మోకాలు ఆ నెల వచ్చేదాకా ఆగదు.

క్లబ్బుల్లో ఫీజు రాయితీలు ఉంటాయి, దరఖాస్తు గడువు ట్రైఅవుట్ల కంటే ముందే ముగియవచ్చు. అడగడానికి మనవాళ్లు నామోషీ పడతారు. పక్క కుర్చీలవాళ్లలో కొందరు ఆ రాయితీతోనే ఆడిస్తున్నారని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. తల్లిదండ్రుల హెచ్-1బీ వల్ల వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు క్లబ్‌కు ఆడవచ్చు. కాలేజీ నాటికి వీసా ఏమవుతుంది, 21 నిండితే ఏం చేయాలి అనేవి లాయరు చెప్పవలసిన మాటలు. ఆడపిల్లకు ఫుట్‌బాలేమిటని మీ మామగారు అన్నారట. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరిందని ఆయనకు చెప్పండి.

మీ అమ్మాయి 2016 అక్టోబరులో పుట్టిందన్నారు. ఇంతవరకు పుట్టిన సంవత్సరాన్ని బట్టి వయసు జట్లు చేసేవారు. 2026-27 నుంచి ఆగస్టు 1 మొదలు జులై 31 వరకు లెక్క. అంటే ఆమె వచ్చే ఏడాది కూడా అండర్-10లోనే ఉంటుంది, తన వయసు పిల్లల్లో పెద్దదవుతుంది, ఆడటానికి అదనంగా ఒక ఏడాది దొరికినట్టే. కనుక తొందరేమీ లేదు. రేపే ఆ టీము మేనేజరుకు మెయిల్ రాసి, నిరుటి టీము ఖాతా జమాఖర్చులు, వెళ్లిన టోర్నమెంట్ల జాబితా, మీ వయసులో ఆ టీము ఎన్నోదన్న వివరం, మధ్యలో మానేస్తే కట్టవలసిన మొత్తం అడగండి. శుక్రవారానికి జవాబు వస్తే మీవారిని ఆ అంకెలతో మళ్లీ లెక్క వేయమనండి. రాకపోతే ఊరి సాకర్ అసోసియేషన్లో పేరు నమోదు చేయించండి. అక్కడ సీజనుకు అయ్యేది క్లబ్ ఫీజులో చిన్న భాగం, ప్రతి పిల్లకూ ఆడే అవకాశం ఉంటుంది, హోటల్ గదులు తీసుకోవలసిన పని ఉండదు.